ఆకాశం మీదుగా కబురు

2009 సెప్టెంబరు 2 ఉదయం ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఎక్కిన హెలికాప్టరు బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయలుదేరి నల్లమల మీద మాయమైంది. పైన మబ్బు, వాన. కింద ఎడతెగని అడవి. వెతుకుతున్నది సాక్షాత్తూ ముఖ్యమంత్రి కోసం. వాయుసేన, ఇస్రో, సీఆర్‌పీఎఫ్, పోలీసులు, అడవి ఆనుపానులు తెలిసిన చెంచులు, అందరూ కదిలారు. అయినా పావురాలగుట్ట దగ్గర శకలాలు కంటబడేసరికి మర్నాడు తెల్లవారింది. ఆ రోజంతా తెలుగువాళ్లు టీవీల ముందు కూర్చుని మళ్లీమళ్లీ విన్న మాట ఒక్కటే: ఆచూకీ తెలియలేదు.

అమెరికాకు అలాంటి రోజు 1972 అక్టోబరు 16. ప్రతినిధుల సభలో అధికారపక్ష నేత హేల్ బాగ్స్, అలాస్కా సభ్యుడు నిక్ బెగిచ్ ప్రయాణిస్తున్న చిన్న విమానం ఆంకరేజ్ నుంచి జునో వెళ్తూ కనిపించకుండా పోయింది. 39 రోజులు గాలించారు. ఇప్పటికీ దాని ముక్క కూడా దొరకలేదు. ఆ తర్వాత అక్కడి చిన్న విమానాల్లో ఆపద సంకేతం పంపే బీకన్లు తప్పనిసరయ్యాయి. అయితే బీకన్ అరుస్తున్నా వినేవాడు దగ్గర్లో ఉండాలి కదా. అడవుల మీద, మంచు మీద ఎవరు వింటారు? ఆ ప్రశ్నకు జవాబు ఉపగ్రహం. 1979లో అమెరికా, సోవియట్ యూనియన్, కెనడా, ఫ్రాన్స్ కలిసి కోస్పాస్-సార్‌శాట్ అనే వ్యవస్థకు ఒప్పుకున్నాయి. ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తున్న కాలంలో అమెరికా, సోవియట్ యూనియన్ ఇంత నిక్కచ్చిగా కలిసి పనిచేసిన సందర్భాలు అరుదు. 1982 సెప్టెంబరులో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా అడవుల్లో కూలిన చిన్న విమానంలోంచి ముగ్గురు ప్రాణాలతో బయటపడింది సోవియట్ ఉపగ్రహం విన్న సంకేతంతోనే. అప్పటి నుంచి ఈ వ్యవస్థ చలవతో బయటపడ్డవాళ్లు 50,000 మందికి పైనే.

విమానాలకూ ఓడలకూ పుట్టిన ఆ ఏర్పాటు నలభై ఏళ్లలో కుదించుకుపోయి, సబ్బుబిళ్లంత పరికరంగా మారి, వీపుసంచి పట్టీకి వేలాడుతోంది. సియాటెల్‌లోనో శాన్‌హోజేలోనో ఉద్యోగం చేసుకుంటూ లాంగ్ వీకెండ్ రాగానే కొండలెక్కే మన పిల్లల్లో చాలామంది దగ్గర ఇప్పుడు ఇదొకటి ఉంటుంది. కొనడం తేలిక. నేర్చుకోవడం మాత్రం చాలామంది ఎగ్గొడతారు. బొత్తాం ఒకటే కదా, నొక్కితే సరి, ఇందులో నేర్చుకోవడానికేముంది అనుకుంటారు. మనిషి ఎక్కడున్నాడో వెతుక్కునే పనిని పరికరం దాదాపు తీర్చేసింది. తక్కినదంతా మనుషుల పని: నొక్కేవాడిది, అవతల కూర్చున్నవాడిది, ఇంట్లో ఎదురుచూసేవాళ్లది. నేర్వాల్సిందంతా అక్కడే ఉంది.

ముందు ఏది ఏమిటో తెలియాలి, ఎందుకంటే దుకాణంలో అన్నీ ఒకే అరలో ఉంటాయి. మొదటిది పర్సనల్ లొకేటర్ బీకన్, పొట్టిగా పీఎల్‌బీ. ఇది కోస్పాస్-సార్‌శాట్ సంతతి. 406 మెగాహెర్ట్జ్ మీద 5 వాట్ల బలంతో అరుస్తుంది, కనీసం 24 గంటలు ఆగకుండా. నెలవారీ చందా లేదు. బ్యాటరీ అయిదారేళ్లు చెక్కుచెదరకుండా కూర్చుంటుంది. అమెరికాలో 2003 జులై నుంచి మామూలు మనుషులు కూడా దీన్ని వాడొచ్చు. నోవా అనే ప్రభుత్వ సంస్థ దగ్గర పేరు నమోదు చేయించి, రెండేళ్లకోసారి ఆ వివరాలు సరిచూసుకోవాలి. దీని గుణమూ దోషమూ ఒకటే: అరవడం తప్ప మాట్లాడదు. కాలు విరిగిందా, గుండెనొప్పా, పక్కవాడు వాగులో కొట్టుకుపోయాడా, ఏమీ చెప్పలేదు. వచ్చేవాళ్లు అన్నిటికీ సిద్ధపడి రావాలి.

రెండోది రెండువైపులా మాట్లాడేది. 2007లో వచ్చిన స్పాట్ మొదట్లో ఒకవైపే కబురు పంపేది. 2011లో డెలార్మ్ అనే సంస్థ తెచ్చిన ఇన్‌రీచ్‌తో జవాబు కూడా అందే కాలం మొదలైంది. 2016లో ఆ సంస్థను గార్మిన్ కొనేసింది. ఇప్పుడు వాడుకలో ఉన్న ఇన్‌రీచ్ మినీ బరువు 100 గ్రాములు. 160 అక్షరాల సందేశాలు పంపుతుంది, తీసుకుంటుంది, పది నిమిషాలకోసారి మనమున్న చోటును పటం మీద చుక్కగా పెడుతుంది. చందా ప్లానును బట్టి నెలకు సుమారు 8 నుంచి 50 డాలర్ల దాకా. ఎస్ఓఎస్ నొక్కితే ఆ కబురు వెళ్లేది పోలీసులకు కాదు, రాత్రింబవళ్లు మనుషులు కూర్చునే ఒక ప్రైవేటు సమన్వయ కేంద్రానికి. వాళ్లు మనతో మాట్లాడుతూ అక్కడి స్థానిక గాలింపు బృందాన్ని కదుపుతారు. మూడోది ఫోను. దాని సంగతి తర్వాత.

ఈ పరికరాలు వాడే ఉపగ్రహాలన్నీ ఒకటి కావు. ఇన్‌రీచ్, జోలియో వంటివి ఇరిడియం మీద నడుస్తాయి. 66 ఉపగ్రహాలు, దాదాపు 780 కిలోమీటర్ల ఎత్తు, ధ్రువాల మీదుగా తిరుగుడు. మంటలార్పేటప్పుడు బిందెలు చేతులు మారినట్టు ఇవి కబురును ఒకదానికొకటి అందించుకుంటాయి. కాబట్టి కింద భూమ్మీద దగ్గర్లో కేంద్రం లేకపోయినా పని జరుగుతుంది. ధ్రువాల దగ్గర కూడా జరుగుతుంది. స్పాట్, ఐఫోన్ వాడే గ్లోబల్‌స్టార్ అలా కాదు. అది దాదాపు 1,400 కిలోమీటర్ల పైనుంచి మన కబురు అందుకుని సూటిగా కిందికి దింపేస్తుంది. దింపుకునే భూకేంద్రం కూడా అదే సమయానికి ఆ ఉపగ్రహం చూపులో ఉండాలి. అలాస్కా ఉత్తర భాగంలాంటి చోట్ల, 62 డిగ్రీల అక్షాంశం దాటాక ఈ సదుపాయం పనిచేయకపోవచ్చని ఆపిల్ సంస్థే చెబుతోంది.

2013 జులైలో మెయిన్ రాష్ట్రంలో అపలాచియన్ ట్రెయిల్ మీద ఒంటరిగా నడుస్తున్న 66 ఏళ్ల విశ్రాంత నర్సు ఒకామె కాలకృత్యాలకని బాట వదిలి చెట్లలోకి వెళ్లింది. తిరిగి బాట దొరకలేదు. దారి తప్పానని భర్తకు ఫోన్లో మెసేజ్ కొట్టింది. సిగ్నల్ లేదు. సిగ్నల్ కోసం ఎత్తైన చోటు వెతుక్కుంటూ పోయి, గుడారం వేసుకుని, మళ్లీమళ్లీ పంపింది. ఒక్కటీ వెళ్లలేదు. ఆమె రాసుకున్న డైరీని బట్టి చూస్తే కనీసం 26 రోజులు బతికే ఉంది. శరీరం దొరికింది రెండేళ్లు గడిచాక, 2015 అక్టోబరులో, బాట నుంచి మూడు కిలోమీటర్ల లోపే. ఆమెకు స్పాట్ పరికరం ఉంది. దాన్ని మోటల్ గదిలో వదిలి వెళ్లిందని తర్వాత వార్తలొచ్చాయి. పరికరం కావాలా అక్కర్లేదా అని ఎవరైనా అడిగితే నేను చెప్పే జవాబు ఈ కథే. గాలింపు బృందాలు ఆమె గుడారానికి దగ్గరగా వెళ్లి కూడా చూడలేకపోయాయి. అంత దట్టమైన అడవి అది.

ఎక్కువైతే ఏమవుతుందో చెప్పే కథ గ్రాండ్ కేన్యన్‌ది. 2009 సెప్టెంబరులో ఇద్దరు తండ్రులు, వాళ్ల టీనేజీ కొడుకులు రాయల్ ఆర్చ్ లూప్ అనే కఠినమైన దారి పట్టారు. నీళ్లయిపోయాయని స్పాట్ నొక్కారు. చీకటి వల్ల ఆ రాత్రి హెలికాప్టరు వాళ్లను చేరలేకపోయింది. పొద్దున్నే వెతికి చేరేసరికి నొక్కిన చోటు వదిలి నీళ్లున్న చోటికి కదిలిపోయి ఉన్నారు, సాయం వద్దన్నారు. అదే సాయంత్రం మళ్లీ నొక్కారు. రాత్రిపూట చూడగలిగే పరికరాలు పెట్టుకుని ఇంకో హెలికాప్టరు లోయలోకి దిగింది. ఏమిటయ్యా అంటే, తాగిన నీళ్లు ఉప్పగా ఉన్నాయట, ఒంట్లో నీరు తగ్గిపోతుందేమోనని భయమట. మర్నాడు ఉదయం మూడోసారి. ఈసారి రేంజర్లు వాళ్లను హెలికాప్టరులో బయటికి తెచ్చి, బృంద నాయకుడి మీద ప్రమాదకర పరిస్థితి కల్పించినందుకు కేసు రాశారు. ఈ పరికరమే లేకపోతే ఏం చేసేవారని అడిగితే, అసలు ఈ దారికే వచ్చేవాళ్లం కాదని ఆయన చెప్పాడు.

ఆ జవాబు దగ్గర కాస్త ఆగాలి. రక్షణ పరికరం ఉందన్న ధైర్యంతో మనిషి తన శక్తికి మించిన దారి పడతాడా? పట్టకుండా ఉండేవాళ్లూ ఉంటారు, పట్టేవాళ్లూ ఉంటారు. తేడా పరికరంలో లేదు. అయితే పిలిస్తే వచ్చేదెవరో కూడా తెలియాలి. అమెరికాలో చాలాచోట్ల గాలింపు చేసేది జీతాలు లేని స్వచ్ఛంద కార్యకర్తలు. నేషనల్ పార్కులు మామూలుగా గాలింపుకు డబ్బు అడగవు. న్యూహాంప్‌షైర్ మాత్రం నిర్లక్ష్యం తేలితే ఖర్చు వసూలు చేస్తుంది, అందుకే అక్కడ 25 డాలర్లకు హైక్ సేఫ్ కార్డు అమ్ముతారు. ప్రైవేటు ఎయిర్ అంబులెన్స్ ఎక్కితే వచ్చే బిల్లు వేరే కథ. ఖర్చు భయంతో నొక్కకపోవడం కూడా తప్పే. నడవలేనప్పుడు, తెలివి తప్పుతున్నప్పుడు, రక్తం ఆగనప్పుడు, రాత్రి గడిస్తే ప్రాణం మీదికొస్తుందన్నప్పుడు ఆలోచించక్కర్లేదు. అలసట, ఆలస్యం, బొబ్బలు, ఫ్లయిట్ మిస్సవుతుందన్న బెంగ, వీటికి ఎస్ఓఎస్ కాదు. ఇంటికో రేంజరు స్టేషనుకో మామూలు మెసేజ్ చాలు. రెండువైపులా మాట్లాడే పరికరం గొప్ప మేలు ఇదే. అరుపుకూ మౌనానికీ నడుమ ఒక మెట్టు పెట్టింది.

ఇక నేర్చుకోవడం. కొన్న వారం లోపే దాన్ని పట్టుకుని దగ్గర్లోని పార్కుకు వెళ్లాలి. మైదానం మధ్యలో నిలబడి యాంటెన్నా ఆకాశం వైపు ఉంచి ఒక సందేశం పంపండి. తర్వాత పెద్ద చెట్ల కింద నుంచి, ఆ తర్వాత ఒక పక్క గోడ ఉన్న చోట నుంచి, ఆఖరుకు బ్యాగు అడుగున పడేసి. ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి. తెరపు ఉన్నచోట నిమిషంలోపు వెళ్లిన కబురు, తడిసిన ఆకుల కింద పావుగంట తీసుకోవచ్చు, ఇరుకు లోయలో ఇంకా ఎక్కువ. ఇరిడియం ఉపగ్రహం ఒక్కోటి మన నెత్తి మీద కొద్ది నిమిషాలే ఉంటుంది. లోయ గోడలు ఆకాశాన్ని సన్నటి చీలికగా చేస్తే, ఆ చీలికలోకి ఏదో ఒకటి వచ్చేదాకా ఆగాలి. మన ఒళ్లు కూడా అడ్డమే. పడిపోయినవాడి కిందనో, పొట్టకు కట్టుకున్న సంచిలోనో ఉంటే కబురు కదలదు. అందుకే దాన్ని భుజం పట్టీకి కడతారు. చలిలో లిథియం బ్యాటరీ చప్పున నీరసిస్తుంది కాబట్టి రాత్రి పడుకునేటప్పుడు స్లీపింగ్ బ్యాగులో పెట్టుకుంటారు.

జవాబుల విషయంలోనూ ఓపిక నేర్వాలి. ఇంటి నుంచి వచ్చిన మెసేజ్ ఫోన్‌లా టింగుమని మోగదు. పరికరం తనంతట తాను కొంత వ్యవధికోసారి అడిగి తెచ్చుకుంటుంది, లేదా మనం అడిగించాలి. ఈ సంగతి తెలియని వాళ్లు జవాబు రాలేదని అదే సందేశం అయిదుసార్లు పంపి నెల కోటా ఖర్చుచేసుకుంటారు. చందా మాటకొస్తే, గత ఏడాది ట్రిప్పు తర్వాత ఆపేసిన ప్లాను మళ్లీ తెరవకుండా బయలుదేరేవాళ్లూ ఉన్నారు. అప్పుడది ఉత్త బరువు.

ఎస్ఓఎస్ బొత్తాన్ని సాధన కోసం నొక్కకూడదు. కానీ నొక్కాక ఏం జరుగుతుందో ముందే చదువుకోవాలి. ఇన్‌రీచ్‌లో మూత తీసి నొక్కిపట్టాలి, కాసేపు లెక్క దిగుతుంది, ఆ లోపు వద్దనుకుంటే ఆపొచ్చు. వెళ్లాక మొదటి పది నిమిషాలు నిమిషానికోసారి మన చోటును పంపుతుంది, తర్వాత బ్యాటరీ మిగల్చడానికి నెమ్మదిస్తుంది. అవతల నుంచి ప్రశ్న వస్తుంది. ఆ క్షణంలో చాలామంది రాసేది ఇలా ఉంటుంది: మా ఫ్రెండ్ పడిపోయాడు, తొందరగా రండి. ఇందులో అవతలివాడికి పనికొచ్చే ముక్క ఒక్కటీ లేదు. ఎక్కడున్నామో పరికరమే చెప్పేసింది. వాళ్లకు కావలసింది ఇది:

34 ఏళ్ల మగమనిషి. 10 అడుగుల ఎత్తు నుంచి పడ్డాడు. కుడి చీలమండ విరిగింది, నడవలేడు. తెలివిగా ఉన్నాడు, రక్తం లేదు. మొత్తం ముగ్గురం. టెంటు, రాత్రికి తిండి ఉన్నాయి.

ఇది ఇంగ్లీషులో రాస్తే 160 అక్షరాల సందేశం ఒక్కదానిలోనే ఇమిడిపోతుంది. చదవగానే అవతలివాళ్లు నిర్ణయించుకోగలుగుతారు: ఇది రాత్రికి రాత్రి హెలికాప్టరు పంపాల్సిన పనా, తెల్లారాక స్ట్రెచరుతో ఎనిమిది మందిని నడిపించాల్సిన పనా అని. వైల్డర్‌నెస్ ఫస్ట్ ఎయిడ్ తరగతుల్లో గాయపడ్డవాణ్ణి చూసి వివరాలు ఒక వరుసలో రాసుకోవడం నేర్పుతారు. రెండు రోజుల తరగతి అది. పరికరానికి పెట్టే నాలుగు వందల డాలర్ల పక్కన ఆ తరగతి ఫీజు కూడా పెట్టుకుంటే నా లెక్కలో అదే ఎక్కువ గిట్టుబాటు. ఆపిల్ వాళ్లు ఈ సంగతి గ్రహించారు. ఐఫోన్ ఉపగ్రహ ఎస్ఓఎస్‌లో ముందు ప్రశ్నలు వరుసగా వస్తాయి, జవాబు మీద వేలు పెడితే చాలు, భయంలో ఉన్నవాడు వాక్యం అల్లుకోనక్కర్లేదు.

కబురు పంపాక ఏం చేయాలో కూడా చదువులో భాగమే. పరికరం ఆపేయకూడదు. ఉన్నచోటు వదిలి పోకూడదు. గ్రాండ్ కేన్యన్ బృందం మొదటిసారి నొక్కాక చేసింది ఆ తప్పే. మబ్బు దిగితే హెలికాప్టరు రాదు, గాలి ఎక్కువైతే రాదు, చాలాచోట్ల రాత్రి రాదు. బొత్తానికీ మనిషికీ మధ్య కొన్ని గంటలు, ఒక్కోసారి ఒక రోజు. ఆ రాత్రి వెళ్లదీయడానికి వెచ్చటి బట్టలు, వానకోటు, నీళ్లు, తలకు కట్టుకునే లైటు మన దగ్గరే ఉండాలి. పరికరం ఉందని స్వెట్టరు తగ్గించుకున్నవాడు చేసింది చెడు బేరం.

మనవాళ్లలో తరచూ జరిగేది ఇంకొకటుంది. పరికరం ఒకడిది, ట్రిప్పు ఇంకొకడిది. నువ్వు వాడట్లేదుగా బావా, ఈ వారం నాకియ్యి అని తీసుకుపోతారు. ఎస్ఓఎస్ నొక్కితే సమన్వయ కేంద్రం ఫోను చేసేది యజమాని రాసిచ్చిన నంబర్లకు. అక్కడ భార్య ఫోనెత్తి, మా ఆయన ఇక్కడే ఉన్నాడండీ, అన్నం తింటున్నాడు అంటుంది. అవతల అది పొరపాటు సంకేతమేమోనన్న అనుమానం మొదలవుతుంది. అరువిచ్చేటప్పుడు అకౌంటులో ఎమర్జెన్సీ నంబర్లు, ట్రిప్పు వివరాలు మార్చి ఇవ్వడం అయిదు నిమిషాల పని.

ఇంట్లోవాళ్ల చదువు మరీ ముఖ్యం, మనకు ఇంకా ముఖ్యం. కొడుకు వాషింగ్టన్ కొండల్లో నడుస్తుంటే తల్లి ఖమ్మంలో కూర్చుని ఫోన్లో చుక్కలు చూస్తుంటుంది. అక్కడి వేసవిలో కాలం తేడా పన్నెండున్నర గంటలు. చుక్క ఒకచోట ఆగిపోతుంది. గంట. రెండు గంటలు. నిజానికి వాడు టెంటు వేసుకుని పరికరం కట్టేసి నిద్రపోతున్నాడు. ఇక్కడ మాత్రం పూజగదిలో దీపం వెలిగి, అత్తయ్య, పిన్ని, డాలస్‌లో ఉన్న వాళ్లబ్బాయి అందరూ లైన్లోకి వచ్చేశారు. చుక్క ఆగడానికి చెట్లున్నాయి, బ్యాటరీ ఉంది, మరుపు ఉంది, నిద్ర ఉంది. అందుకే బయలుదేరే ముందే మాట్లాడుకోవాలి: రోజూ రాత్రి క్షేమం అని ముందే రాసిపెట్టిన సందేశం ఒకటి పంపుతాను. ఒక రాత్రి రాకపోతే కంగారుపడొద్దు. ఫలానా తేదీ ఫలానా గంటకు కారు దగ్గర నుంచి ఫోను రాకపోతే, అప్పుడు ఈ నంబరుకు చెయ్యండి.

ఏ నంబరు? ఇండియా నుంచి 911 కొడితే అమెరికాలో మోగదు. అక్కడ చాలా రాష్ట్రాల్లో కొండల్లో గాలింపు బాధ్యత కౌంటీ షెరిఫ్‌ది, నేషనల్ పార్కయితే పార్కు వాళ్లది. ఆ కౌంటీ కార్యాలయపు పది అంకెల నంబరు, కారు నంబరు, ఏ దారిలో ఎక్కి ఏ దారిలో దిగుతామో, వేసుకున్న జాకెట్ రంగు, ఇవన్నీ ఒక కాగితం మీద ఖమ్మంలోనూ ఉండాలి, సియాటెల్‌లో స్నేహితుడి దగ్గరా ఉండాలి. ఉపగ్రహం విఫలమైన రోజున మనిషిని వెతికిపెట్టేది ఈ కాగితమే.

ఏ పరికరమూ అడ్డుకోలేని చావులు కూడా ఉన్నాయి. మనవాళ్ల విషయంలో అవే ఎక్కువగా వార్తలకెక్కుతున్నాయి. 2022 డిసెంబరు 26న ఆరిజోనాలోని వుడ్స్ కేన్యన్ సరస్సులో గడ్డకట్టిన నీటి మీద నడుస్తూ మంచు విరిగి ముగ్గురు తెలుగువాళ్లు చనిపోయారు. 2024 ఏప్రిల్‌లో స్కాట్లండ్‌లోని లిన్ ఆఫ్ టమ్మెల్ జలపాతం దగ్గర ఇద్దరు తెలుగు విద్యార్థులు నీళ్లలో పోయారు. చల్లటి నీళ్లలో పడ్డ మనిషికి ఉన్నవి నిమిషాలు, ఉపగ్రహ కబురు విని సాయం రావడానికి పట్టేవి గంటలు. రెండు చోట్లా కావలసింది గడ్డకట్టిన నీటి మీద అడుగు పెట్టకపోవడం, తడిరాయి అంచుకు పోకపోవడం.

ఇప్పుడు ఫోన్ల సంగతి. 2022 నవంబరులో ఐఫోన్ 14తో ఉపగ్రహ ఎస్ఓఎస్ మొదలైంది. ఆకాశంలో ఉపగ్రహం ఎటుందో తెరమీద చూపిస్తుంది, అటువైపు ఫోను పట్టుకోవాలి. అంతా బాగుంటే పదిహేను సెకన్లలో కబురు వెళ్తుంది. ఎమర్జెన్సీ ఎస్ఓఎస్ సెట్టింగుల్లో డెమో ఉంది, ఇంటి డాబా మీద నుంచే అభ్యాసం చేయొచ్చు. 2024లో గూగుల్ పిక్సెల్ 9లో కూడా ఇలాంటిది వచ్చింది. 2025 జులైలో అమెరికాలో టీ-మొబైల్, స్టార్‌లింక్ కలిసి మామూలు ఫోన్‌కే ఉపగ్రహ మెసేజ్‌లు అందించడం మొదలుపెట్టాయి. ఇంకా విడిగా పరికరం ఎందుకని అడగడంలో న్యాయముంది. ఒక పూట నడక, జనం తిరిగే దారి అయితే ఫోను చాలు. కానీ రోజంతా ఫోటోలు తీసి, పటం చూసి, సాయంత్రానికి ఎనిమిది శాతం బ్యాటరీతో, వానలో తడిసిన అద్దంతో, చలికి కొయ్యబారిన వేళ్లతో ఆ ఫోను మీదే ప్రాణం పెట్టుకోవడం నాకు నచ్చదు. మనిషి పడ్డప్పుడు ముందు పగిలేది కూడా అదే. నాలుగు రోజుల దారికి విడి పరికరం, దానికి తోడు ఫోను.

మన దేశంలో పరిస్థితి వేరు. అనుమతి లేకుండా ఉపగ్రహ ఫోనే కాదు, ఇన్‌రీచ్ లాంటి మెసెంజరు దగ్గర ఉంచుకున్నా నేరమే. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం, 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం కింద కేసులు పెట్టారు. 2008లో ముంబై మీద దాడికి వచ్చినవాళ్లు ఉపగ్రహ ఫోను వాడిన తర్వాత పట్టు బిగిసింది. 2024 డిసెంబరులో గోవా విమానాశ్రయంలో ఒక కెనడా పరుగు క్రీడాకారిణి తన ఇన్‌రీచ్‌ను తీసి మామూలుగా స్కానర్ ట్రేలో పెట్టి పట్టుబడింది, జరిమానా కట్టింది. తర్వాతి నెలలో రిషికేశ్ వెళ్తున్న స్కాట్లండ్ ట్రెక్కరు ఒకామెను ఢిల్లీ విమానాశ్రయంలో ఇలాగే ఆపారు. ఇద్దరూ దాచలేదు. భద్రత కోసం తెచ్చుకున్న వస్తువు నేరమవుతుందని వాళ్లకు తట్టలేదు, అంతే.

భద్రతా సంస్థల భయం కల్పితం కాదు. సరిహద్దు కొండల్లో ఎవరు ఎవరితో ఏం మాట్లాడుతున్నారో తెలియకపోవడం వాళ్లకు నిజమైన తలనొప్పి. కానీ ఆ భయానికి కట్టే మూల్యం కూడా నిజమే. 2024 జూన్ 3న ఉత్తరాఖండ్‌లోని సహస్త్రతాల్ నుంచి దిగుతున్న 22 మంది బృందాన్ని మంచు తుపాను కమ్మేసింది. ఎక్కువమంది బెంగళూరు వాళ్లు. 14 వేల అడుగులకు పైన, సెల్ సిగ్నల్ లేదు. సిగ్నల్ అందే చోటుకు మనిషి నడిచివస్తేగానీ కింద ఎవరికీ తెలియలేదు. కబురు చేరింది 4వ తేదీ సాయంత్రం, హెలికాప్టర్లు ఎగిరింది 5న. తొమ్మిది మంది చలికి చనిపోయారు. మెసెంజరు ఉంటే అందరూ బతికేవారని నేననను. తుపానులో హెలికాప్టరు ఎలాగూ రాదు. కానీ తుపాను తగ్గిన మరుక్షణానికి కింద మనుషులు సిద్ధంగా ఉండేవారు. నడకకు పోయిన గంటలు మిగిలేవి.

విచిత్రమేమంటే ఇదే ఉపగ్రహ కబురును మన ప్రభుత్వమే సముద్రం మీద చేతిలో పెట్టి మరీ నేర్పుతోంది. కోస్పాస్-సార్‌శాట్‌లో భారత్ భాగస్వామి. బెంగళూరులోని కేంద్రం నేపాల్, శ్రీలంక వంటి పొరుగు దేశాల సంకేతాలను కూడా చూస్తుంది. ఇస్రో చేసిన డిస్ట్రెస్ అలర్ట్ ట్రాన్స్‌మిటర్ 2010 నుంచి మత్స్యకారుల దగ్గరుంది. హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ 2019లో విమానాశ్రయాల సంస్థతో కలిసి జెమిని అనే పెట్టెను తెచ్చింది. తుపాను హెచ్చరికలు, చేపలుండే చోట్లు దానికి అందుతాయి. అయితే వినడమే, జవాబు చెప్పలేదు. 2024 ఆగస్టులో 364 కోట్లతో లక్ష పడవలకు రెండువైపులా సందేశాలు పంపే ట్రాన్స్‌పాండర్ల పథకం ప్రారంభమైంది. అంటే విశాఖ రేవు నుంచి బయలుదేరే పడవకు దక్కే వెసులుబాటు, మనాలీ నుంచి కొండెక్కే పిల్లకు లేదు. పరికరం స్వదేశీ ఉపగ్రహం మీద నడిచి, పేరు నమోదై, అద్దెకు ఇచ్చి తిరిగి తీసుకునేలా ఉంటే భద్రతా సంస్థల అభ్యంతరం చాలావరకు తీరుతుంది. సముద్రం మీద కుదిరిన లెక్క కొండ మీద కుదరకపోవడానికి నాకు కారణం కనబడదు. పర్వతారోహణ బృందాలు టెలికాం శాఖ అనుమతితో, బీఎస్ఎన్ఎల్ ఉపగ్రహ ఫోను దారిలో వెళ్లే వీలుంది. వారం రోజుల ట్రెక్కుకు వెళ్లే మామూలు మనిషికి అది ఆచరణలో అందదు.

ఈలోగా హిమాలయాలకు వెళ్లే తెలుగు ట్రెక్కరు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఫోన్లోని జీపీఎస్ ఉపగ్రహం నుంచి వినడమే తప్ప దానికి ఏమీ పంపదు, కాబట్టి అది నేరమూ కాదు, సిగ్నల్ లేనిచోటా పనిచేస్తుంది. పటాన్ని ముందే దింపుకుని పెట్టుకుంటే చాలు. డబ్బు కట్టే ముందు ఏజెన్సీని మూడు ప్రశ్నలు అడగాలి: అనుమతి ఉన్న ఉపగ్రహ ఫోనుగానీ వైర్‌లెస్ సెట్టుగానీ ఉందా, ఏ శిబిరం దాటాక సిగ్నల్ పోతుంది, ఆపదొస్తే కబురు మోసుకుని కిందికి దిగేవాడెవడు, ఎన్ని గంటల్లో చేరతాడు. మూడో ప్రశ్నకు నీళ్లు నమిలే ఏజెన్సీతో వెళ్లొద్దు. ఇక అమెరికా నుంచి సెలవులకు వస్తూ లదాఖ్ వెళ్దామనుకునేవాళ్లు ఇన్‌రీచ్‌ను పెట్టెలో సర్దుకోవద్దు. చెక్-ఇన్ సామానులోనూ వద్దు, మేనబావకు బహుమతిగానూ వద్దు. చందా ఆపి అక్కడే ఎవరింట్లోనైనా పెట్టి రండి.